చదువుకోనివాడు కావలెను

ఫిబ్రవరి, మొదటి గురువారం
బైండింగు దుకాణం, మధ్యాహ్నం

చిరంజీవి బావమరిదికి, మీ బావ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మీ అక్కా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. తలవడానికైనా కాస్త ఆధారం ఉండాలి కదా. ఫోను మోగితే నువ్వు దాన్ని దిండు కింద పెట్టేస్తున్నావని మీ పక్కింటి టైలరు మీ అక్కకి చెప్పాడు. ఉత్తరానికి ఆ భయం లేదు. అది మోగదు, తలుపు కిందనుంచి దూరుతుంది, దిండు కింద పెట్టినా అందులో మాట చెరిగిపోదు.

ఈ మాటలు రాస్తుంటే మీ అక్క నా భుజం మీదుగా తొంగి చూసి, ముందు వాడు వేళకి తింటున్నాడో లేదో అడగండి, ఆ తర్వాత మీ పురాణం విప్పుకోండి అంది. అడిగాను. తింటున్నావా? సరే, పురాణం విప్పుతున్నాను.

ఫ్లెక్సీలు వచ్చి నీ కుంచెకి పని లేకుండా చేశాయనీ, ఇక ఈ లోకానికి నాతో ఏం పని అని నువ్వు మంచం దిగడం లేదనీ విన్నాను. చెరువు మీద అలిగినవాడి సామెత నీకు తెలుసు. పూర్తిగా రాస్తే మీ అక్క ఊరుకోదు. నీకు బుద్ధి చెప్పడానికి మాత్రం ఈ ఉత్తరం రాయడం లేదు. నా బుద్ధే ఎవరూ అద్దెకి తీసుకోని సరుకు. నాకు జరిగిన సంగతులు చెప్తాను, అంతే. నోట్లో నువ్వుగింజ నానని మనిషినని నీకు తెలుసు కాబట్టి ఉత్తరం బరువు చూసి కంగారుపడకు. టీ పెట్టుకుని కూర్చో.

మా దుకాణానికి రెండు వీధుల అవతల పాత గుడ్డల గోదాము ఒకటి ఉండేది, గుర్తుందా? దాని షట్టరు మీద ఒకప్పుడు నువ్వే అక్షరాలు రాశావు. ఇప్పుడది పిల్లల ఇల్లు. చూపు లేని పిల్లలు, నడవలేని పిల్లలు, చేతులు చెప్పిన మాట వినని పిల్లలు. కన్నవాళ్ళకి సాకే స్తోమత లేక, బడివాళ్ళకి చెప్పే ఓపిక లేక అక్కడికి చేరినవాళ్ళు. ఆ ఇంటిని నడిపేది రిటైరైన నర్సు ఒకావిడ. ఊరంతా ఆవిణ్ణి పెద్దక్క అంటుంది. నాకంటే చిన్నదే అయినా నేనూ అలాగే అంటాను. ఇంజెక్షను ఇచ్చేవాళ్ళ దగ్గర వయసు లెక్కలోకి రాదు.

లోపల గోడ పొడవునా నడుమెత్తున ఒక తాడు కట్టి ఉంటుంది. చూపు లేని పిల్లలు దాన్ని పట్టుకుని పరిగెడతారు. నడుస్తారని రాయలేదు, చూసుకో, పరిగెడతారనే రాశాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఆ తాడుకి ఆనుకుని నిలబడి చుట్టూ జాలిగా చూస్తున్నాను. ఇద్దరు వచ్చి నా పొట్టలో గుద్దుకున్నారు. దారిలో బీరువా పెట్టిందెవరు అని ఒకడు కసిరాడు.

ఇల్లు దాతల మీద నడుస్తుంది. దాతల్లోనూ రకాలున్నాయి బావమరిదీ. నెల నెలా బస్తాలు దింపించి పేరు చెప్పకుండా పోయేవాళ్ళున్నారు. ఫొటో తీసేవాడు ఇంకా రాలేదని బిస్కట్ల డబ్బా తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాయనా ఉన్నాడు. పిల్లలు వాసన పట్టేసి చుట్టూ చేరారు, ఆయన మూత మీద చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి డబ్బాకి రెండో మూతగానే పుట్టిందా అన్నట్టుంది ఆయన పరిస్థితి.

సరే, నేనక్కడికి వెళ్ళింది దానం చెయ్యడానికి కాదు, పని మీద. చూపు లేని పిల్లలు వేళ్ళతో చదివే పుస్తకాలు ఉంటాయి. దళసరి కాగితం మీద చుక్కలు పొడిచి ఉంటాయి, ఆ చుక్కలే అక్షరాలు. అలాంటి చరిత్ర పుస్తకం ఒకటి, ఈ మూలనుంచి ఆ మూలకి కుట్లు ఊడిపోయినది, పెద్దక్క నాకు బైండింగుకి ఇచ్చింది. కూలి వద్దన్నాను. వద్దన్నాను కదా అని మరీ శ్రద్ధగా చేశాను. కుట్టాను, జిగురు పెట్టాను, గుడ్డ అట్ట వేశాను, మన దుకాణం మర్యాద ప్రకారం ప్రెస్సులో పెట్టి చక్రం బిర్రుగా బిగించి మర్నాటి దాకా వదిలేశాను. అద్దంలా వచ్చింది పుస్తకం. జన్మలో అంత చదునైన పుస్తకం చేసి ఎరగను.

నవ్వుతున్నావు. నీకప్పుడే అర్థమైంది. నాకు కాలేదు.

పుస్తకం తీసుకెళ్ళి గర్వంగా ఒక పిల్ల చేతిలో పెట్టాను. పదిహేనేళ్ళుంటాయి, పుట్టినప్పటినుంచీ చూపు లేదు. పేజీ మీద వేళ్ళు పోనిచ్చింది. ఇంకో పేజీ తిప్పింది. వాసన చూసింది. జిగురు బాగుంది తాతా, చరిత్రే లేదు అంది.

చుక్కలన్నీ అణిగిపోయాయి! రాజులూ యుద్ధాలూ ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. ఏ దండయాత్రా చెయ్యలేని పని నా ప్రెస్సు చేసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. ఆ పిల్ల మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని తీర్పు చెప్పింది. మామూలు అచ్చులో ఇదే పుస్తకం ఉంది, నువ్వు రోజూ సాయంత్రం వచ్చి చదవాలి, మేము విని మళ్ళీ చుక్కలు పొడుచుకుంటాం, పుస్తకం పూర్తయ్యేదాకా నీకు విడుదల లేదు అంది. ఆ పిల్లని అక్కడ జడ్జిగారు అని ఎందుకంటారో అప్పుడు తెలిసింది. దాతలు వచ్చి తల నిమిరితే ఏమ్మా బాగుందా అని అడుగుతారు. నిమరడం బాగానే ఉందండీ, పిల్లి ఎవరు అని ఈవిడ అడుగుతుంది.

అలా నేను శిక్ష అనుభవించడం మొదలుపెట్టాను. నా చదువు సంగతి నీకు తెలియనిది కాదు. నువ్వు ఐదో తరగతి మధ్యలో పారిపోయావు, నన్ను ఆరో తరగతి గుమ్మంలోనే ఆపేసి మా నాన్న దుకాణంలో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత బైండింగుకి వచ్చిన పుస్తకమల్లా చదివాను. చిరగని పుస్తకం మన దగ్గరికి రాదు కదా. అందుకని నాకు మొదటి పేజీలు తెలియవు, ఆఖరి పేజీలు తెలియవు, మధ్య మాత్రం దిట్టంగా తెలుసు. నా మాటకి తలా తోకా ఉండదని మీ అక్క అనేది ఊరికే కాదు.

చరిత్ర చదువుతూ చదువుతూ నేను పక్కదారులు పట్టేవాణ్ణి. ఒక రాజు కోట కట్టించాడని ఉంటే ఆ కోటకి సున్నం ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో చెప్పి, సున్నం నుంచి మా మేనమామ పెళ్ళికి వేసిన వెల్లకీ, వెల్ల నుంచి ఆ పెళ్ళిలో తప్పిపోయిన పెళ్ళికొడుకు చెప్పులకీ వెళ్ళేవాణ్ణి. పిల్లలు కిందపడి నవ్వేవాళ్ళు. చుక్కలు పొడిచేవాడొకడు ఆ చెప్పులు కూడా పుస్తకంలో పొడిచేశాడు. జడ్జిగారు వేళ్ళతో పట్టేసి, ఈ రాజుకి మేనమామ ఎప్పుడొచ్చాడు అని నిలదీసింది.

ఇక్కడిదాకా నవ్వులాటే. అసలు సంగతి చెప్తాను.

ఆ ఇంట్లో పిల్లల్ని పదో తరగతి దాకానే ఉంచగలరు. పాసైతే కాలేజీ హాస్టల్లో చేర్పిస్తారు, అందుకు వేరే దాతలున్నారు. తప్పితే ఇంటికి పంపాలి, ఎందుకంటే ఆ మంచం కోసం బయట ఇంకో పిల్లో పిల్లాడో ఎదురుచూస్తూ ఉంటారు. పెద్దక్కది రాతిగుండె కాదు, మంచాలే తక్కువ. జడ్జిగారికి ఇల్లంటే ఒక గది. తల్లి ఒక ఆఫీసు క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. పొద్దున్నే పోతూ పిల్ల ఎక్కడ తప్పిపోతుందో, ఎవరేం చేస్తారోనని బయట గొళ్ళెం పెట్టి పోయేది. సాయంత్రం దాకా పిల్ల లోపల. ఆ సంగతి జడ్జిగారు నాతో ఏడుస్తూ చెప్పలేదు. గొళ్ళెం పడే చప్పుడు నోటితో చేసి చూపించింది, అచ్చం అలాగే. ఆ సాయంత్రం నేను ఒక్క పక్కదారీ పట్టకుండా చరిత్ర చదివానంటే నువ్వే ఊహించుకో.

పరీక్షలో ఆవిడ చెప్తే రాసేవాళ్ళు ఒకరు కావాలి. స్క్రైబు అంటారు. పరీక్షలవాళ్ళ నియమం ఏమిటంటే, ఆ రాసేవాళ్ళు పరీక్ష ఇచ్చే పిల్లకంటే తక్కువ చదివి ఉండాలి. లేకపోతే వాళ్ళే జవాబులు రాసేస్తారని. న్యాయమే. కాలేజీ పిల్లలు వరసకట్టి మేం రాస్తాం అని వచ్చారు, అందరికీ చదువెక్కువ. కింది తరగతి పిల్ల ఒకతి ఒప్పుకుంది, వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ఇంకొకడికి సరిగ్గా అప్పుడే పొంగు చూపింది. పెద్దక్క తల పట్టుకుని, ఇంత ఊళ్ళో చదువుకోనివాడు ఒక్కడు దొరకడా, రాయడం మాత్రం వచ్చి ఉండాలి అని వాపోయింది. జడ్జిగారు నా వైపు తిరిగి, తాత ఉన్నాడుగా, ఏమీ పాసవలేదు అంది.

ఇంటికొచ్చి చెప్తే మీ అక్క కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇన్నాళ్ళకి మీ చదువు ఒకళ్ళకి పనికొచ్చిందండీ అంది.

అభ్యాసం మొదలైంది. మొదటి రోజే నా ఉద్యోగం ఊడినంత పనయింది. ఆవిడ ఒక జవాబు చెప్పింది, నేను రాశాను, చదివి వినిపించమంది. వినిపించాను. నేను చెప్పింది చిన్న జవాబు, ఇది పెళ్ళి ఊరేగింపులా ఉంది, నా మాటల మధ్యలోకి ఎవరెవరు వచ్చారు అంది. నేను కాస్త అందంగా ఉంటుందని ఒకటి రెండు మాటలు వేశానమ్మా అన్నాను. నాకు అందం వద్దు తాతా, పాసు కావాలి అంది. అప్పటినుంచీ రాస్తున్నంతసేపూ నా నోట్లో ఒక పిప్పరమెంటు పడేసేది. అది ఉంటే మాట రాదని. మాట రాలేదు గానీ పళ్ళు పోయాయి.

లెక్కలు మరీ తమాషా. నాకు కూడికలు, తీసివేతలు, కాగితం దస్తాల లెక్క తప్ప ఏమీ రాదు. ఆవిడ అక్షరాలు చెప్పేది, దాని నెత్తిన చిన్న రెండు వెయ్యి తాతా అనేది. అక్షరానికి నెత్తిన అంకె ఏమిటని అడిగితే, టోపీ అనుకో, రాయి అనేది. టోపీలు పెట్టుకుంటూ పోయాను. కొన్నాళ్ళకి టోపీ ఎందుకు పెడుతున్నామో కూడా అడగడం మొదలుపెట్టాను. ఆవిడ విసుక్కుంటూనే చెప్పేది.

ఇక పరీక్ష మొదటి రోజు. కేంద్రంలో పరీక్షాధికారి మమ్మల్ని తన గదిలోకి పిలిచాడు. స్క్రైబు చదువు ఎంతవరకని అడిగాడు. ఆరో తరగతి గుమ్మం దాకా అన్నాను. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆయన బల్ల మీద విజ్ఞాన సర్వస్వం ఒకటి, వీపు విరిగి, పేజీలు జారుతూ కనిపించింది. నా చేతులు ఊరుకోవు కదా. అయ్యా, దీన్నిలా నిలబెట్టకండి, మూడో సంపుటం కదూ, ఇందులో మూత్రపిండాల తర్వాత మూలికలు వస్తాయి, ఆ చిత్రపటం ఊడిందంటే మళ్ళీ దొరకదు అన్నాను. మూత్రపిండాల పని ఏమిటో కూడా రెండు ముక్కలు చెప్పాను. జడ్జిగారు నా కాలు తొక్కింది. కాలు తొక్కితే ఆగే గొంతా నాది?

ఆయన కళ్ళజోడు తీసి, మీరు డిగ్రీ చదివి దాస్తున్నట్టున్నారు, చదువుకోలేదని రుజువేదీ అన్నాడు.

బావమరిదీ, ఆలోచించు. చదువుకున్నవాడికి కాగితముంటుంది. చదువుకోలేదన్న కాగితం ఏ బడి ఇస్తుంది? నేను వెళ్ళని కాలేజీలన్నీ తిరిగి, ఇతడు మా దగ్గర చదవలేదు అని రాయించుకు రావాలా? అవతల గంట కొట్టబోతున్నారు. నా నోటిదురదకి ఈ పిల్ల మళ్ళీ ఆ గొళ్ళెం వెనక్కి పోతుందా అనుకున్నాను.

జడ్జిగారే తేరుకుంది. సార్, ఎనిమిదో తరగతి పాసైనవాళ్ళందరికీ వచ్చేది ఏదైనా తాతని అడగండి అంది. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఎంతండీ అన్నాడు. నేను నిజాయితీగా, ఎ ఎవరు, బి ఎవరు, వాళ్ళు ముందు వరసకి ఏమవుతారో చెప్పండి అన్నాను. ఆ బొమ్మని నేను బోలెడు సార్లు గీశాను, తర్వాత తెలిసింది. రోజూ వీధిలో కనిపించే మనిషి పేరు మనకి తెలియనట్టు, దాని పేరు అదని నాకు అప్పటికి తెలియదు.

అధికారి మొహం కదిలింది గానీ, మీరు నటిస్తున్నారేమో అన్నాడు. దానికి జడ్జిగారు, తాతకి నటించడమే వస్తే ఇందాకటినుంచి నోరు మూసుకుని నటించి ఉండేవాడు సార్ అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు చూడు, బయట బంట్రోతు తలుపు తీసి చూశాడు. సంతకం పెట్టి పంపించాడు. నా జన్మలో తప్పి గట్టెక్కిన పరీక్ష అదొక్కటే.

మాకొక చిన్న గది ఇచ్చారు. కాపలాకి ఒక టీచరమ్మ. ఆవిడ అల్లుకుంటూ కూర్చుంది. భాషలు గడిచాయి, లెక్కలు టోపీలతో సహా గడిచాయి. సాంఘికశాస్త్రం రోజున వచ్చింది తంటా. సముద్రం పక్కన పగటిపూట గాలి ఎటునుంచి ఎటు వీస్తుంది, ఎందుకు అని ప్రశ్న. జడ్జిగారు తడుముకోకుండా, పగలు గాలి నేల మీంచి సముద్రం మీదికి పోతుంది అంది.

తప్పు. సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. భూగోళం పుస్తకం ఒకటి మన దుకాణానికి ఎన్నిసార్లు వచ్చిందో, ఆ పేజీ మీద బాణం గుర్తులు నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు. ఆ సబ్జెక్టులో ఆవిడ ఎప్పుడూ అంచు మీదే నడుస్తుంది. ఒక్క మార్కు ఇటైనా అటైనా జీవితం అటో ఇటో. టీచరమ్మ అల్లిక మీద ఉంది. గొంతు సవరించుకుంటే చాలు. చెయ్యి కాస్త జారితే చాలు. నేను ఏమీ చెయ్యలేదు. కానీ నా కలం ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది.

జడ్జిగారు తల పక్కకి వంచి విన్నది. ఏం వింటుంది, చప్పుడు లేకపోవడాన్నే వింటోంది. నేల మీంచి సముద్రం మీదికి, రాయి తాతా అంది. రాశాను. పిప్పరమెంటు నోట్లో పొడి అయిపోయింది.

బయటికొచ్చాక చెట్టు నీడలో నిలబెట్టి కోప్పడ్డాను. నాకు కోపం రావడం నువ్వు ఎప్పుడైనా చూశావా? ఆవేళ వచ్చింది. అది తప్పు జవాబే తల్లీ అన్నాను. తెలుసు, నీ కలం ఆగగానే తెలిసిపోయింది అంది. మరి మార్చవేం అని అరిచాను. మారిస్తే ఆ మార్కు నాది కాదు తాతా, నీ కలానిది అంది. నేను ఎక్కడికెళ్ళినా నా వెనకాల ఎవరో ఒకరు చెప్పింది రాసేవాళ్ళు ఉంటూనే ఉంటారు, నాకు నిజంగా ఎంత వచ్చో నాకైనా తెలియాలి కదా అంది. జవాబు కోసం మధ్య పేజీలన్నీ వెతికాను, దొరకలేదు. వస్తూ వస్తూ, పగటి గాలి సంగతి ఇప్పుడు చెప్పు, ఎందుకలా వీస్తుంది అని అడిగింది. దారి పొడుగునా చెప్పాను. ఆ పక్కదారికి ఆవిడ అడ్డు చెప్పలేదు.

ఫలితాలొచ్చే రోజు దాకా పుస్తకాలకి అట్టలు తలకిందులుగా వేశాను. మీ అక్క ఊరికే వంటింట్లోకీ గుమ్మంలోకీ తిరిగింది. పాసయింది బావమరిదీ! ఆ సాంఘికశాస్త్రంలోనూ గట్టెక్కింది, గాలి ఎదురుగా వీచినా గట్టెక్కింది. పెద్దక్క ఫోనులో చెప్తూ ఏడ్చింది, నేను వింటూ ఏడ్చాను, ఫోను పట్టుకున్న చెయ్యి మీ అక్కది, ఆవిడ ఇద్దర్నీ తిట్టి తానూ ఏడ్చింది.

వాళ్ళమ్మ క్యాంటీను నుంచి తడి చేతులతో అలాగే వచ్చింది. హాస్టలు గురించి పెద్దక్క ఎంతో చెప్పింది, భోజనం, పుస్తకాలు, ఫీజులు. అన్నీ విని ఆ తల్లి ఒక్కటే అడిగింది, గది గొళ్ళెం లోపలివైపే ఉంటుందా అని. ఉంటుందని పెద్దక్క చెప్పింది. అయితే పంపించండి అంది.

ఇప్పుడు జడ్జిగారు కాలేజీలో ఉంది. సెలవులకి వచ్చినప్పుడు మన దుకాణంలో స్టూలు మీద కూర్చుని నా బేరాలు విని తీర్పులు చెప్తుంది. ఒక ఖాతాదారు ఈ అమ్మాయి మీ మేనేజరా అని అడిగాడు. కాదండీ, తాతకి బెయిలిచ్చింది నేనే అంది.

ఈసారి పదో తరగతికి వచ్చినవాడు ఒకడున్నాడు. వాడి గురించి చెప్పి ఆపేస్తాను. చక్రాల కుర్చీలో ఉంటాడు. చేతులు వాడి మాట వినవు, కలం నిలవదు. మాట కూడా ఒక్కొక్కటే, లోపలినుంచి మూట మోసుకొచ్చినట్టు వస్తుంది. బుర్ర మాత్రం కత్తి. వాణ్ణి అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు. వాడి జోకులు మహా గొప్పవి, కాకపోతే కొస వచ్చేసరికి వినేవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. ఓసారి నేనూ అలాగే లేచి వచ్చేశాను. గేటు దగ్గరికొచ్చేసరికి వెనక పిల్లల నవ్వు వినిపించింది. మళ్ళీ లోపలికెళ్ళి అదేమిట్రా అని అడిగితే మొదటినుంచీ చెప్పాడు. కూర్చుని విన్నాను. ఉత్తరంలో రాయను, వాడి నోటే వినాలి.

వాడికి పరీక్షలో అదనంగా సమయమిస్తారు. కానీ ఆ సమయాన్ని వాడితో కలిసి ఓర్చుకునే మనిషి కావాలి. కంగారుపడేవాడు ఎదురుగా ఉంటే వాడి మాట ఇంకా లోపలికి పోతుంది. నా సంగతి చూడు, వాడు సగం చెప్పగానే మిగతా సగం నేను అందించేస్తాను, అందించింది తప్పవుతుంది, వాడు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఓసారి కళ్ళతోనే నన్ను తిట్టాడు. చెప్పింది చెప్పినట్టు, తొందర లేకుండా, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసే చెయ్యి దొరికితే వాడు క్లాసులో మొదటివాడవుతాడని పెద్దక్క అంటుంది. దొరక్కపోతే వాడికీ ఇల్లే గతి. వాడి ఇల్లు మూడో అంతస్తులో ఉంది, మెట్లే ఉన్నాయి. ఎక్కిస్తే ఇక దింపేవాళ్ళుండరు.

నువ్వు ఒక్క బోర్డుకి వారాలు తీసుకునేవాడివని షావుకార్లు తిట్టేవాళ్ళు. ఒక సున్నా గుండ్రంగా రాలేదని నిచ్చెన దిగి, రోడ్డుకి అవతల నిలబడి చూసి, మళ్ళీ ఎక్కేవాడివి. ఎందుకు గుర్తొచ్చిందో గుర్తొచ్చింది.

కాగితం అయిపోవస్తోంది. మీ అక్క నిన్ను చూడాలంటోంది, పైకి మాత్రం వాడి ఇష్టం, వాడే రావాలి అంటోంది. వేళకి తిను. ఫోను దిండు కిందనుంచి తీసి బయట పెట్టు, పాపం ఊపిరాడక చస్తుంది.

ఇట్లు,
నీ మంచి కోరే
మీ బావ

తా.క.: అసలు సంగతి పైన రాయలేదు. అది రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాను, పక్కదారులు పట్టి ఇక్కడ తేలాను.

నేను పాసయ్యాను. పదో తరగతి. సెలవుల్లో జడ్జిగారు స్టూలు మీద కూర్చుని తీర్పులు చెప్పిందని రాశానే, అదొక్కటే కాదు, నాకు పాఠాలూ చెప్పింది. నా ప్రశ్నలన్నీ నువ్వు రాశావు, సగం నీకు వచ్చేసింది, మిగతా సగం ఎందుకు వదిలేస్తావు అని పీకల మీద కూర్చుని ప్రైవేటుగా కట్టించింది. తప్పితే నవ్వుతారని మీ అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫలితం పోయిన వారం వచ్చింది. ఎ ఎవరో, బి ఎవరో ఇప్పుడు నాకు తెలుసు. ఇద్దరూ మంచివాళ్ళే.

పిల్లల ఇంట్లో అందరికీ మిఠాయి పంచాను. పెద్దక్క ఒకటి నోట్లో వేసుకుని, ఉన్నట్టుండి కుర్చీలో కూలబడింది. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌కి ఎవరు రాస్తారు అంది. పది పాసైనవాడు పదికి రాయకూడదు కదా. ఇంత తెలివైనవాళ్ళం, నేనూ జడ్జిగారూ, ఆ ఒక్క సంగతి ఆలోచించలేదు. జడ్జిగారికి ఫోను చేస్తే, తాత చదువుకుని చెడిపోయాడు అంది.

అందుకని నీ పేరు ఇచ్చాను. అడగకుండానే ఇచ్చాను, అడిగితే ఫోను తియ్యవు కదా. ఐదో తరగతి మధ్యలో పారిపోయావని చెప్పగానే పెద్దక్క చేతులెత్తి దండం పెట్టింది. నీ పారిపోవడానికి ఎవరైనా దండం పెట్టడం ఇదే మొదలు.

నువ్వు కదిలి రావని కూడా తెలుసు. అందుకే ఆదివారం వాళ్ళే నీ దగ్గరికి వస్తున్నారు, పెద్దక్కా వాడూ, పొద్దున బస్సుకి. మీ గుమ్మం ముందు మెట్టు ఎత్తు, కుర్చీ ఎక్కదు. పాత బోర్డులన్నీ గోడవైపు మొహం తిప్పి నిలబెట్టావట, టైలరు చెప్పాడు. అందులో గట్టిది ఒకటి తీసి మెట్టు మీద వాలుగా వెయ్యి. రాసిన వైపు పైకే ఉండనీ. లోపలికొచ్చే ముందు వాడు దాన్ని చదువుకుంటాడు, కాస్త సమయం తీసుకుంటాడు. తొందరపెట్టకు.